ఓట్ల లెక్కకు మరియొక సాక్షి

2024వ సంవత్సరము జూన్ 1వ తేదీ సాయంకాలము లోక్‌సభ ఎన్నికల తుది విడత పోలింగు ముగిసిన వెంటనే టెలివిజను తెరలన్నింటిమీద ఎగ్జిట్ పోల్ అంకెలు ప్రత్యక్షమైనవి. పరిపాలక కూటమికి 350కి పైబడి స్థానములు వచ్చునని పెక్కు సంస్థలు చెప్పినవి. 400 వరకు పోయినవారును లేకపోలేదు. 4వ తేదీన ఓట్లు లెక్కింపగా వచ్చినవి 293. గెలుచు కూటమి ఏదో చెప్పుటలో వారు తప్పలేదు గాని, ఎంత గెలుచునో చెప్పుటలో తప్పిరి. బడులు తెరచిన పిమ్మట పదవ తరగతి విద్యార్థులు మమ్ము ఇట్లు ప్రశ్నించిరి: "మాస్టారూ, ఇన్ని సంస్థలు ఒక్క మాటే చెప్పినప్పుడు తప్పు వారి అంచనాలో ఉన్నదా, ఓట్ల లెక్కలో ఉన్నదా? తెలిసికొనుట ఎట్లు?"

పిల్లల ప్రశ్న యని దీనిని త్రోసివేయరాదు. ఓట్లు లెక్కించువారు ప్రభుత్వోద్యోగులు. ఫలితము ప్రకటించువారును వారే. కిరాణా కొట్టులో కొనిన సరకును ఇంటికి తెచ్చి మరల తూచి చూచుకొను అలవాటు మన తల్లులకు కలదు. దేశము నేలువారిని ఎన్నుకొను తూకమునకు మాత్రము రెండవ తక్కెడ ఉండవద్దా? ప్రభుత్వముతో సంబంధము లేని సంస్థలు ఓటర్లను స్వయముగా అడిగి తీసిన లెక్క ఆ రెండవ తక్కెడ కాగలదా? మా అభిప్రాయము ముందుగనే చెప్పుదుము. అభిప్రాయ సేకరణను సాక్షిగా పిలువవచ్చును. న్యాయాధిపతి పీఠమున కూర్చుండబెట్టరాదు. అందులోను మనవంటి అల్పసంఖ్యాకులు ఈ భేదమును ఇతరులకంటె ఎక్కువ జాగ్రత్తతో గుర్తింపవలెను.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునన్నది ఇంటింట తెలిసిన మాటయే. అభిప్రాయ సేకరణకు మూలమిదియే. వేయి మందిని ఏ పక్షపాతమును లేక చీట్లు తీసినట్లు ఎన్నుకొని అడిగినచో, వచ్చు సమాధానము ఇరువది పర్యాయములలో పందొమ్మిది పర్యాయములు దేశమంతటి సమాధానమునకు నూటికి మూడు పాళ్లు అటో ఇటో దగ్గరగా నుండును. ఈ మూడు పాళ్లు ఎట్లు వచ్చినవో పై తరగతుల విద్యార్థులు తామే చూచుకొనవచ్చును. అడిగినవారి సంఖ్యకు వర్గమూలము తీసి, ఒకటిని దానిచే భాగింపవలెను. వేయికి వర్గమూలము సుమారు 31.6; భాగింపగా వచ్చునది మూడు శాతమునకు కొంచెము ఎక్కువ. విచిత్రమేమనగా, దేశ జనాభా కోటి యైనను నూరు కోట్లయినను ఈ లెక్క ఇంచుమించు మారదు.

అయితే మెతుకు సామెతలో ఒక షరతు దాగియున్నది. కుండలోని బియ్యమంతయు ఒక్క రకమైనదై, మంట సమముగా తగులుచుండవలెను. ప్రజలు అట్లుండరు. మన గంజాము జిల్లా ఒడిషాలో చేరిన 1936వ సంవత్సరముననే అమెరికాలో లిటరరీ డైజెస్టు అను పత్రిక కోటి మందికి కార్డులు పంపి, తిరిగి వచ్చిన 20 లక్షలకు పైగా కార్డులను లెక్కించి, అధ్యక్ష పదవి లాండన్‌కు దక్కునని చాటినది. తీరా చూడగా 48 రాష్ట్రములలో 46 రూజ్వెల్టు గెలిచెను. చిరునామాలు చాలవరకు టెలిఫోను పట్టికలనుండియు మోటారుకార్ల పట్టికలనుండియు తీసినవి. ఆ ఆర్థిక మాంద్యపు దినములలో అవి కలవారి పట్టికలు. పైగా శ్రమపడి కార్డు తిరిగి పంపినవారిలో రూజ్వెల్టు అనగా గిట్టనివారే ఎక్కువ. దానితో పోల్చిన అతి స్వల్పమైన నమూనాతో గాలప్ అనునతడు గెలుచువానిని సరిగా చెప్పెను. ఎందరిని అడిగితిమి యనుదానికంటె ఎవరిని అడిగితిమి యనునది ముఖ్యమని లోకము నాడు నేర్చుకొనినది. నేర్చినది నేటికిని జ్ఞాపకమున్నదని మాత్రము చెప్పజాలము.

ఇక ఈ సాధనము ఎన్నికల ఫలితమును సరిచూచుటకు పనికివచ్చునా యను విషయమునకు వచ్చెదము. ఇందుకు 2004వ సంవత్సరమును మించిన పాఠము మాకు కనబడలేదు. ఆ ఒక్క యేటనే నాలుగు దేశములలో అభిప్రాయ సేకరణ ఒకటి చెప్పగా అధికార లెక్క మరియొకటి చెప్పినది. నాలుగింటి గతి నాలుగు విధములైనది.

మొదటిది మన దేశమే. ఆ యేటి లోక్‌సభ ఎన్నిక దేశమంతట ఓటింగు యంత్రములతో జరిగిన మొదటి సాధారణ ఎన్నిక. వాజపేయిగారి కూటమి ముందుండునని ఎగ్జిట్ పోల్స్ దాదాపు అన్నియు చెప్పినవి. మే 13న లెక్కింపగా కాంగ్రెసునకు 145, భారతీయ జనతా పార్టీకి 138 స్థానములు వచ్చినవి. యంత్రములు క్రొత్తవి, సందేహింపదలచినవారికి సందు లేకపోలేదు. అయినను వాజపేయిగారు ఆ దినముననే రాజీనామా ఇచ్చిరి. సర్వేలే న్యాయాధిపతులైనచో ఆ యెన్నిక రద్దు కావలసినదే గదా!

రెండవది దక్షిణ అమెరికాలోని వెనెజువెలా. ఆగస్టు 15న అధ్యక్షుడైన చావెజ్‌ను పదవినుండి తొలగింపవలెనా వద్దా యని ప్రజలను ఓటు అడిగిరి. పెన్, షోన్, బెర్లాండ్ అను అమెరికా సంస్థ తీసిన ఎగ్జిట్ పోల్ ప్రకారము తొలగింపుమనువారు నూటికి 59 మంది. అధికార లెక్క ప్రకారము వలదనువారు నూటికి 59 మంది. అద్దములోని బొమ్మవలె కుడియెడమలు తారుమారైనవి. ఇంతటి భేదము నమూనాలో దొరలు చిన్న పొరపాటువలన రాదు. మరి ఎవరు తప్పు? ఓటర్లను ప్రశ్నించినవారు తొలగింపు కొరకు సంతకములు సేకరించిన సంస్థయొక్క స్వచ్ఛంద సేవకులే యని తెలిసినది. సంస్థ పేరునకు స్వతంత్రమైనది. ప్రశ్నలడిగిన నోళ్లు ఒక పక్షమువి. ఆ దేశపు యంత్రములు ప్రతి ఓటునకు ఒక కాగితపు చీటీని ఇచ్చునవి. అమెరికా మాజీ అధ్యక్షుడు కార్టర్ స్థాపించిన కేంద్రమువారును, అమెరికా ఖండముల రాజ్యముల సంస్థవారును చూచుచుండగా, చీట్లు తీసి ఎన్నుకొనిన 150 పోలింగు స్థలముల పెట్టెలు తెరచి కాగితములు లెక్కింపగా అధికార లెక్కయే సరియని తేలినది. ప్రతిపక్షమువారు ఆ పరీక్షను ఒప్పుకొనలేదు. అది వేరు సంగతి.

మూడవది అమెరికా. నవంబరు 2న ఎగ్జిట్ పోల్ కెరీ ముందున్నాడని సూచించినది. లెక్కలో బుష్ నూటికి 50.7, కెరీ 48.3. మోసము జరిగినదని కొందరు గట్టిగా వాదించిరి. సర్వే చేసిన సంస్థలే తరువాత తమ పనిని పరీక్షించుకొని, కెరీ పక్షపు ఓటర్లు సమాధానము చెప్పుటకు ఎక్కువగా ముందుకు వచ్చుటయు, బుష్ పక్షమువారు తప్పించుకొని పోవుటయు కారణమని 2005 జనవరిలో ప్రకటించిరి. ఆ దేశమున ఫలితము వెలువడిన పిమ్మట సర్వే అంకెలను అధికార లెక్కకు సరిపడునట్లు దిద్దుట ఆచారము. దిద్దిన పిదప అది ఫలితమునకు సాక్షి యెట్లగును? నేరము మోపబడినవాడు వ్రాసియిచ్చిన వాఙ్మూలమును సాక్షి చదివినట్లుండును.

నాలుగవదియగు యుక్రెయిన్ కథ వేరు. నవంబరు 21న రెండవ విడత పోలింగు ముగియగా, ఆ దేశపు ఎన్నికల సంఘము యనుకోవిచ్‌కు నూటికి 49.5, యుష్చెంకోకు 46.6 వచ్చినవని ప్రకటించెను. రెండు పరిశోధన సంస్థలు కలిసి తీసిన ఎగ్జిట్ పోల్‌లో యుష్చెంకోకు 53, యనుకోవిచ్‌కు 44. ఈ సంస్థలు ఓటరును నోటితో చెప్పుమని నిర్బంధింపక, రహస్యముగా చీటీ నింపి పెట్టెలో వేయుమనినవి. దొనేత్స్క్ ప్రాంతమున మొదటి విడతలో నూటికి 80 లోపుగనున్న పోలింగు రెండవ విడతలో 96 దాటినట్లు చూపబడినది. ప్రజలు గడ్డకట్టు చలిలో కీవ్ నగరపు వీథులలో దినముల తరబడి నిలిచిరి. డిసెంబరు 3న సుప్రీంకోర్టు ఆ విడతను రద్దుచేసినది. విద్యార్థులు ఇచట ఒక విషయము గమనింపవలెను. జనమును వీథిలోనికి పిలిచినవానిలో ఎగ్జిట్ పోల్ ఒకటి. కోర్టు తీర్పునకు ఆధారమైనవి మాత్రము ఓటర్ల పట్టికలలోను, ఊరు విడిచియున్నవారికి ఇచ్చు ధ్రువపత్రములలోను, పోలింగు నిర్వహణలోను జరిగిన అక్రమములకు చూపిన రుజువులు. డిసెంబరు 26న మరల ఓటింగు జరుపగా యుష్చెంకోకు 52, యనుకోవిచ్‌కు 44 వచ్చినవి. ఎగ్జిట్ పోల్ చెప్పిన అంకెలకు ఇవి ఎంత చేరువ!

ఒకే యేట ఒకే రకపు సాధనము ఒకచోట నిజము చెప్పినది, ఒకచోట అబద్ధము చెప్పినది, రెండుచోట్ల తడబడినది. సాక్షుల స్వభావమే అంత. సాక్షి మాట విని పోలీసు విచారణ ప్రారంభింపవచ్చును. సాక్షి మాటమీదనే ఉరిశిక్ష వేయుట ఏ దేశపు ధర్మము?

ఇంకొక చిక్కు కలదు. 2009లో ఇరాను దేశమున జూన్ 12న జరిగిన అధ్యక్ష ఎన్నికలో అహమదీనెజాద్‌కు నూటికి 62కు పైగా వచ్చినవని ప్రకటింపగా రాజధానిలో పెద్ద అలజడి చెలరేగెను. అప్పుడు అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, ఎన్నికకు మూడు వారముల ముందు తాము జరిపిన సర్వే ఈ ఫలితమునకు విరుద్ధముగా లేదని పత్రికలో వ్రాసిరి. 1,001 మందిని టెలిఫోనులో అడుగగా అహమదీనెజాద్ పేరు చెప్పినవారు నూటికి 34 మంది, ముసావీ పేరు చెప్పినవారు 14 మంది. ఇంకను తేల్చుకొనలేదనినవారు 27 మంది. రెండింతల ఆధిక్యమున్నది కావున ఫలితము నమ్మదగినదని వారి వాదము. మాకు తోచుచున్నది వేరు. ఎవరో తెలియనివారు పొరుగు దేశమునుండి ఫోను చేసి నీ ఓటు ఎవరికని అడిగినప్పుడు, ప్రభుత్వమునకు భయపడు మనిషి ఏమి చెప్పును? ప్రభుత్వ పక్షపు పేరైన చెప్పును, లేదా తేల్చుకొనలేదనును. భయమున్నచోట మౌనమును అంకెగా మార్చరాదు. ఆ సర్వే ఫలితము అసత్యమని మేము చెప్పుట లేదు. అది ఫలితమును నిలబెట్టుటకును చాలదు, పడగొట్టుటకును చాలదు.

మౌనమునకు భయమొక్కటే కారణము కాదు. భాషయు కారణమే. కొన్ని ఏండ్ల క్రిందట ఒక ఎన్నికకు ముందు మా వీథికి ఒక సర్వే కుర్రవాడు వచ్చెను. అతని ప్రశ్నలు ఒడియాలోను హిందీలోను అచ్చుపడియున్నవి. మా పొరుగింటి ముసలమ్మ "బాబూ, నీ మాట నాకు తెలియదు" అని తెలుగున చెప్పగా, అతడు మా కన్నులయెదుటనే "సమాధానము లేదు" అను గడిలో గుర్తు పెట్టి ముందుకు సాగెను. ఆమె మాకు తెలిసి ఏ ఎన్నికలోను ఓటు మానినది కాదు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమున తెలుగు సర్వే పత్రము వింత కాదు, ఇచట వింత. కుర్రవానిని తప్పుపట్టి లాభము లేదు. ఆ కాగితము సిద్ధముచేసినవారికి ఈ వీథి యున్నదని తెలియదు.

సరే, మన భాషలోనే అడిగిరనుకొందము. అప్పుడైనను లెక్క మనకు అనుకూలము కాదు. ఒక రాష్ట్రమున నూటికి ఇద్దరు మాటలాడు భాష యున్నదనుకొనుడు. వేయి మంది నమూనాలో ఆ భాషవారు ఇరువది మంది. పైన చెప్పిన సూత్రమునే ఇచట వేసి చూడుడు. ఇరువదికి వర్గమూలము సుమారు 4.47, ఒకటిని దానిచే భాగింపగా నూటికి 22 పాళ్ల తేడా! అనగా ఆ ఇరువది మందిలో సగము మంది ఒక పార్టీ పేరు చెప్పినను, ఆ భాషవారందరిలో ఆ పార్టీవారు నూటికి 28 మంది కావచ్చును, 72 మంది కావచ్చును. అభిప్రాయ సేకరణ దేశమును చూడగలదు, పెద్ద రాష్ట్రమును చూడగలదు; మన వార్డును, మన వీథిని, మన భాషను చూడలేదు. ఓట్ల లెక్క చూడగలదు. ముసలమ్మ ఓటును ఒడియాలో లెక్కించినను హిందీలో లెక్కించినను అది ఒక ఓటే. కావుననే లెక్కను ప్రక్కకు నెట్టి సర్వేను నమ్ముడనువారి మాట అల్పసంఖ్యాకులకు హితవు కాదని మా నిశ్చితాభిప్రాయము. అట్లని లెక్కను గ్రుడ్డిగా నమ్మవలెననియు చెప్పము. లెక్కను లెక్కతోనే సరిచూడవలెను.

ఆ మార్గము చూపినది ఫిలిప్పీను దేశము. 1986 ఫిబ్రవరి 7న మార్కోస్, కొరజాన్ అకీనో పోటీపడిన ఎన్నికలో నామ్‌ఫ్రెల్ అను పౌర సంఘమువారు ఓటర్లను మీరెవరికి వేసితిరని అడుగుట మాని, పోలింగు కేంద్రములలో లెక్క ముగిసిన వెంటనే అచటి పత్రములలోని అంకెలను తెచ్చి తామే కూడిరి. వారి కూడికలో అకీనోకు 78 లక్షలకు పైగా, మార్కోస్‌కు 70 లక్షలకు పైగా వచ్చినవి. అధికార సంఘము మాత్రము మార్కోస్ గెలిచెనని ప్రకటించినది. నామ్‌ఫ్రెల్ లెక్కలో అన్ని కేంద్రములు చేరలేదు. ఆ లోపమును మరువరాదు. ఇంతలో అధికార సంఘమున కంప్యూటర్లపై పనిచేయు ముప్పయి మందికి పైగా ఉద్యోగులు, తాము ఎక్కించు అంకెలకును ప్రకటన పలకపై కనబడు అంకెలకును పొంతన లేదని చెప్పి ఫిబ్రవరి 9న లేచిపోయిరి. ఆ నెలాఖరునకు మార్కోస్ దేశము విడిచెను. 1988లో చిలీలోను అక్టోబరు 5న పినోచెట్‌పై జరిగిన ఓటింగునాటి రాత్రి, కేంద్రములనుండి తెచ్చిన అంకెలతో ప్రతిపక్షమువారు తమ లెక్క తాము వేసికొనియుండుటచేత ఫలితమును దాచుట ప్రభుత్వమునకు కష్టమైనది.

మన దేశమున ఈ పనికి రెండు సాధనములు చేతిలోనే యున్నవి. మొదటిది వీవీప్యాట్ చీటీ. ఓటరు మీట నొక్కగనే ఏడు సెకండ్లు గాజు కిటికీలో కనబడి పెట్టెలో పడునది. 2019 ఏప్రిల్ 8న, ఆనాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు మొదలగు ప్రతిపక్ష నాయకులు సగము యంత్రముల చీట్లు లెక్కింపవలెనని వేసిన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు శాసనసభ నియోజకవర్గమునకు ఒక యంత్రమునకు మారుగా ఐదు యంత్రముల చీట్లు సరిచూడవలెనని ఆజ్ఞాపించినది. అన్ని చీట్లును లెక్కింపవలెనను కోరికను 2024 ఏప్రిల్ 26న కోర్టు నిరాకరించినది. ఓడిన రెండవ, మూడవ స్థానముల అభ్యర్థులు ఏడు దినములలో కోరినచో నూటికి ఐదు యంత్రములను పరీక్షింపించుకొనవచ్చుననినది.

ఐదు చాలునా? లెక్క వేయుదము. పది యంత్రములకు ఒకటి చొప్పున చెడినదనుకొందము. ఒక యంత్రము తీసినప్పుడు మంచిది వచ్చు అవకాశము పదింట తొమ్మిది. ఐదును మంచివే వచ్చుటకు తొమ్మిది పదవవంతును ఐదుమార్లు హెచ్చింపవలెను: 0.59. అనగా ఆ ఒక్క నియోజకవర్గమున దోషము నూటికి 59 పాళ్లు తప్పించుకొనును. మన రాష్ట్రమున ఒక లోక్‌సభ స్థానమునకు శాసనసభ నియోజకవర్గములు ఏడు, యంత్రములు 35. దోషము ఏడింటను వ్యాపించియున్నచో తప్పించుకొను అవకాశము నూటికి మూడు పాళ్లు కూడ లేదు. (ఈ గుణకారమును మా లెక్కల మాస్టారు సరిచూచిరి.) కావున విస్తారమైన మోసమును పట్టుటకు ఐదు మేలైన వలయే, ఒక మూల జరిగిన మోసమునకు ఆ వల కన్నులు పెద్దవి. స్వల్ప ఆధిక్యముతో తేలిన చోట్లనైన సంఖ్య పెంచవలెనని మేము కోరుదుము. ఎగ్జిట్ పోల్ కొరకు లక్షలమందిని అడుగు శ్రమలో పదవవంతు ఇందుకు చాలును.

అట్లని సర్వేలను నిషేధింపవలెననువారితో మేము ఏకీభవింపము. పోలింగు ముగిసి అర గంట గడచువరకు ఎగ్జిట్ పోల్ ప్రకటింపరాదని ప్రజాప్రాతినిధ్య చట్టమున 126-ఎ విభాగము కలదు. ఆ కట్టడి చాలును. అయితే సాక్షి బోనెక్కువాడు తన పేరు, ఊరు చెప్పవలెను గదా. ఎందరిని అడిగిరి, ఎందరు నిరాకరించిరి, ఏ భాషలలో అడిగిరి, డబ్బిచ్చినవారెవరు అను నాలుగు సంగతులు చెప్పని సర్వేను మన ఇండ్లలో వార్తగా వినవచ్చును గాని సాక్ష్యముగా స్వీకరింపరాదు.

రెండవ సాధనము ఫారము 17-సి. పోలింగు ముగియగనే ప్రిసైడింగు అధికారి ఆ కేంద్రమున ఎన్ని ఓట్లు పడినవో అందులో వ్రాసి, అచటనున్న ప్రతి పోలింగు ఏజెంటునకు సరియైన నకలు ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెనని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములలో నున్నది. లెక్కింపునాడు ఆ యంత్రము చూపు మొత్తము ఈ నకలులోని మొత్తముతో సరిపడవలెను. ఇందుకు సర్వే సంస్థ అక్కరలేదు, వర్గమూలము అక్కరలేదు. రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగల మనిషి చాలును. సాయంకాలము వరకు కూర్చుండు ఓపిక లేక నకలు పుచ్చుకొనకనే పోవు ఏజెంట్లు పెక్కుమంది. మన వీథులలోని తలిదండ్రులు ఏ పార్టీవారైనను సరే, ఆ కుర్చీలో కూర్చుండుటకు ముందుకు వచ్చినచో, ఫారములోని గడులను చదివి వివరించు తరగతి ఒకటి ఎన్నికకు ముందు వచ్చు ఆదివారమున మన పాఠశాలలోనే జరుపుటకు మేము సిద్ధముగా నున్నాము. పలకయు సుద్దముక్కయు బడివే. వచ్చువారు కలమొకటి తెచ్చుకొనవలెను.